హుఫూఫ్‌లో చీలిన మా నియోజకవర్గం

పోయిన నెల గల్ఫ్‌లోని హుఫూఫ్ పొలిమేరలో, ఖర్జూరపు తోటల మధ్య అద్దెకిచ్చే ఒక విడిది ఇంట్లో మా ఊరి నాయకుడొకాయనకు సన్మానం జరిగింది. నేను మా అబ్బాయి దగ్గరికి విజిట్ వీసా మీద వచ్చి ఉన్నాను. పైగా వయసులో ఉన్నప్పుడు ఇదే ఊళ్ళో పనిచేసిన పాతకాపును. అందుకని నన్నూ పిలిచారు. రాజకీయ సభలు పెట్టకూడని దేశం కనక దానికి ఆత్మీయ సమ్మేళనం అని పేరు పెట్టారు. ఆత్మీయత మాత్రం మందుకైనా కనబడలేదు. ఈ మూల ఒక వర్గం, ఆ మూల ఇంకో వర్గం, బిరియానీ వడ్డించే బల్లలు కూడా రెండు. నాయకుడు రెండు బల్లల దగ్గరా చెరో ముద్ద తిని, రెండు చోట్లా ఫొటో దిగి, ఈ నియోజకవర్గమే నా కుటుంబం అన్నాడు. మూతి తుడుచుకున్న కాగితాన్ని ఆయన కింద పారేస్తే, దాన్ని వంగి తీయడానికి మీసాలొచ్చిన మగవాళ్ళు ఇద్దరు పోటీ పడ్డారు. నేను పళ్ళెం కింద పెట్టి లేచాను. వచ్చేటప్పుడు నిర్వాహకుడొకడు నా వెంటబడ్డాడు. "సార్, మీరు రాసేటోళ్ళు గదా. మన నియోజకవర్గం హిస్టరీ ఒగ మూడు పేజీలు రాసియ్యండి సార్, సావనీర్‌లో ఏస్తాం. కొంచెం పాజిటివ్‌గా ఉండల్ల." సరే అన్నాను. ఇంటికొచ్చి కూర్చుంటే పాజిటివ్‌గా ఒక్క వాక్యమూ రాలేదు. వచ్చింది ఇది.

మా ఊరి పేరు ఇక్కడ రాయను. రాస్తే రెండు వర్గాల వాళ్ళూ నన్ను తమవాడిగా జమకట్టుకుంటారు, ఆ గౌరవం నాకు వద్దు. రాయలసీమలో ఒక మోస్తరు పట్నం, మధ్యలో ఒక కాలువ, కాలువకు తూర్పున కోట, పడమర పేట, ఇంతవరకు చెబితే చాలు. నా చిన్నతనంలో కోటా పేటా కలిపి ఒకటే నియోజకవర్గం. ఎన్నికలు వస్తే మైకు కట్టిన జీపు కోటలో బయల్దేరి, వంతెన దాటి, పేట మసీదు దగ్గర ఆగేది. పిల్లలం దాని వెనక దుమ్ములో పరిగెత్తి రంగు కాగితాలు ఏరుకునేవాళ్ళం. మా నాయన ఓటు రోజున తలస్నానం చేసి, పెళ్ళిళ్ళకు దాచుకున్న చొక్కా తొడుక్కుని బయల్దేరేవాడు. ఎవరికి వేశావని అమ్మ అడిగితే ఆమెకు కూడా చెప్పేవాడు కాదు. ఆయన లెక్కలో అది నమాజుకు పోయినంత శుభ్రమైన పని. ఆ శుభ్రత చూసి పెరిగినవాణ్ణి కనకనే తరవాత చూసిన మురికి నాకు మరీ కంపు కొట్టిందేమో.

ఇరవై దాటీ దాటకుండా నేను హుఫూఫ్ వచ్చి ఒక కట్టడాల కంపెనీలో కూలీల హాజరు రాసే గుమస్తాగా చేరాను. పాత బజారు వెనక సందులో మట్టిగోడల ఇల్లు మాది. పొడుగాటి గది ఒకటి, వెనక వంటకు ఇరుకు వరండా. గదిలో ఉండేవాళ్ళమంతా మా ఊరివాళ్ళమే. కోట వైపు వాళ్ళకు పెద్ద మస్తాను, పేట వైపు వాళ్ళకు పెద్ద ఉసేను. నేనూ పేటవాణ్ణే. మా అందరినీ ఇక్కడికి చేర్చింది ఖాసిం మామ. మా కంపెనీ ఆఫీసులో టీ పెట్టడం ఆయన ఉద్యోగం. కఫీల్, అంటే మమ్మల్ని పనిలో పెట్టుకున్న అరబ్బు యజమానిని, కాళ్ళావేళ్ళా పడి ఒకరి తరవాత ఒకరికి వీసాలు ఇప్పించాడు. ఆయన ఎవరికీ సొంత మామ కాదు, అందరికీ మామే. ఆఫీసు పని అయ్యాక గదికి వచ్చి మా అందరికీ వండేది కూడా ఆయనే. ఎవరూ చెయ్యమనలేదు. వయసులో ఉన్న మగపిల్లలు రొట్టె ముక్కలు టీలో ముంచుకుని తిని పడుకోవడం చూడలేక తనే గరిటె పట్టుకున్నాడు.

కళ్ళు మూసుకుంటే ఆ గది వాసన నాకు ఇప్పటికీ తెలుస్తుంది. కిరసనాయిలు స్టవ్వు, వేగుతున్న ఎర్రగడ్డలు, గోడకు తగిలించిన పని బట్టల చెమట, తలుపు పక్కన బుట్టలో మగ్గుతున్న ఖర్జూరాలు, అన్నీ కలిసిన వాసన అది. ఈ ఒయాసిస్‌లో పండే ఎర్రబియ్యాన్ని మామ మెత్తగా ఉడికించి, ఊరి నుంచి ఎవరో ఒకరు మోసుకొచ్చిన రాగిపిండి అందులో పోసి, కాళ్ళ మధ్య గిన్నె బిగించి తెడ్డుతో కెలికేవాడు. ఆ సంగటి ముద్ద, పక్కన ఊరిమిండి, అంటే చెనిక్కాయల పచ్చడి ఉంటే మాకు ఇంకేమీ అక్కర్లేదు. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక మాత్రం మాంసం. పెద్ద పళ్ళెం ఒకటి మధ్యలో పెట్టి అందరం చుట్టూ కూర్చునేవాళ్ళం. ఆఖరివాడు చేతులు కడుక్కుని వచ్చేదాకా మామ ఎవరినీ పళ్ళెంలో చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. ఆ వారం ఎవరికి ఇంటి నుంచి చెడ్డ కబురు వచ్చిందో చూసుకుని, మూలుగ ఉన్న ఎముకను నోరెత్తకుండా అతని ముందుకు తోసేవాడు. మా చెల్లెలి బిడ్డ చనిపోయిన వారం ఆ ఎముక నా ముందుకు వచ్చింది. నేను ఏడుస్తూనే తిన్నాను.

ఆ రోజుల్లో ఉత్తరాలతో పాటు క్యాసెట్లు వచ్చేవి. ఇంట్లోవాళ్ళందరూ వంతులవారీగా మాట్లాడి రికార్డు చేసి పంపితే, గదిలో అందరం కూర్చుని వినేవాళ్ళం. ఒక శుక్రవారం మస్తానుకు వచ్చిన క్యాసెట్లో వాళ్ళ అమ్మ మాటలు అయిపోయాక బ్యాండు మేళం మోగింది. దాని వెనకనే ఒక నాయకుడి గొంతు వచ్చింది. ప్రభుత్వం గీతలు మార్చిందట. ఇక మీదట కాలువకు తూర్పున ఉన్న కోట, దాని పైన ఉన్న పల్లెలు కలిసి ఒక నియోజకవర్గం. పడమర ఉన్న పేట, కింది పల్లెలు కలిసి ఇంకొకటి. అంతవరకు బాగానే ఉంది. "ఎడారిలో కష్టపడతాండే నా కోట తమ్ముళ్ళారా, ఇన్నాళ్ళూ పేటోళ్ళు మన నీళ్ళు తాగి మన నెత్తినే చేయి పెట్టినారు, ఇంక వాళ్ళకూ మనకూ సంబంధం లేదు" అని ఆ గొంతు అరిచింది. తరవాతి శుక్రవారానికి ఉసేనుకు కూడా ఒక క్యాసెట్ వచ్చింది. నాయకుడు వేరు, తిట్లు తిరగేసినవి, బ్యాండు మేళం మాత్రం అదే. ఒకే దుకాణంలో ఇద్దరూ రికార్డు చేయించుకుని ఉంటారు. అది గమనించి నేను నవ్వాను. నాతో కలిసి నవ్వింది ఖాసిం మామ ఒక్కడే.

మిగతావాళ్ళ ముఖాలు ఆ రోజే మాడిపోయాయి. ఒక నెల తిరక్కుండానే గది మధ్య తాడు కట్టి దుప్పటి వేలాడదీశారు. తూర్పు గోడ కోటవాళ్ళకు, పడమటి గోడ పేటవాళ్ళకు. స్టవ్వులు రెండయ్యాయి, ఉప్పు డబ్బాలు రెండయ్యాయి. శుక్రవారం మధ్యాహ్నం దుప్పటికి అటూ ఇటూ రెండు క్యాసెట్లు పోటాపోటీగా మోగుతుంటే తల పగిలిపోయేది. మేమెవరమూ ఊళ్ళో లేము, మాలో ఎవడూ ఓటు వేయబోవడం లేదు, మాకూ ఆ నాయకులకూ మధ్య ఒక సముద్రం ఉంది. అయినా ఎవడో గీసిన గీతను నెత్తిన పెట్టుకుని తెచ్చి, ఆరాంకో చమురు బావుల పక్కన, మట్టిగోడల గదిలో పరుచుకున్నారు. ఇంత తెలివితక్కువ పని ఇంకెవరైనా చేస్తారా అని అప్పుడే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను.

చిక్కల్లా ఖాసిం మామ దగ్గర వచ్చింది. ఆయన ఇల్లు సరిగ్గా కాలువ గట్టు మీద ఉంది. ఆ ఇల్లు ఏ వైపుకు పోయిందో ఇక్కడున్న మాకెవరికీ తెలియదు. వంట చేతకాని రెండు వర్గాలకూ ఆయన కావాలి. "మామ ఇంటి వాకిలి కోట దిక్కుకు ఉండాది. మామ మావోడు" అన్నాడు మస్తాను. "పెరడు పేట దిక్కుకు లేదా? ఆయప్ప పెండ్లాము మా పేట పిల్ల. మామ మాకే" అన్నాడు ఉసేను. మామ ఇద్దరి మధ్య గరిటె పట్టుకుని నిలబడి, "ఏం రా, కుర్బానీ పొట్టేలును పంచుకున్నెట్ల నన్ను పంచుకుంటాండారే! తలకాయ ఎవురికి, కాళ్ళు ఎవురికి?" అని ఎగతాళి చేశాడు. ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆయన ఒకే కూరను రెండు స్టవ్వుల మీద రెండు సార్లు వండాడు. ఏ దుప్పటి పక్కన కూర్చున్నా రెండోవైపు వాళ్ళు అలిగేవారు కనక, తను వరండాలో నిలబడే తినేవాడు. నేను నా పళ్ళెం తీసుకుని అక్కడికే పోయేవాణ్ణి. ఉసేను నన్ను ద్రోహి అన్నాడు. అనుకోనీ అనుకున్నాను.

మా కంపెనీలో హెల్ముట్ అని ఒక జర్మన్ ఇంజనీరు ఉండేవాడు. మామ పెట్టే పాలు లేని సులైమాని టీ అంటే ఆయనకు ప్రాణం. నేనూ మామా ఈ గొడవ గురించి మాట్లాడుకుంటుంటే ఏమిటని అడిగాడు. నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని తన పట్నం కథ చెప్పాడు. వాళ్ళదీ మధ్యలో నది ఉన్న పట్నమే. యుద్ధంలో సగం కూలిపోయింది. జనం శివార్లకు పోయారు. జనం ఎటు పోతే పార్లమెంటు నియోజకవర్గం గీత అటు జరిగిందట. నియోజకవర్గానికి ఒక అంకె ఉంటుందట, అది కూడా మారిందట. రేవు పక్క వీధుల్ని ఒకసారి అందులోంచి తీసేశారు, ఇంకోసారి తెచ్చి కలిపారు. "మీ వీధిని తీసి అవతల పడేసినప్పుడు ఏం చేశారు?" అని అడిగాను. "ఏం చేస్తాం? ఓటు ఏ బడిలో వేయాలో చీటీ వచ్చింది. మా అమ్మ వంతెనకు అవతల ఉంటుంది, ఇప్పుడు ఆమెది వేరే నియోజకవర్గం. సెలవుకు పోయినప్పుడు ఆదివారం ఆమె దగ్గరికి పోయి ఉడకేసిన బంగాళాదుంపలు తింటాను" అన్నాడు. మామకు ఇదంతా తెలుగులో చెప్పాను. ఆయన టీ గ్లాసులు కడుగుతూ, "వాళ్ళమ్మ ఇంట్లో పొయ్యిలు ఎన్నుండాయో అడుగు రా" అన్నాడు. హెల్ముట్ నవ్వి, మావాళ్ళు చేసిన ఘోరాలు వేరే ఉన్నాయి, వాటి ముందు మీ గొడవ ఎంత, అన్నాడు. ఆ మాట నిజమే. కానీ ఎంత చిన్న గొడవైనా ఒక మనిషి చెయ్యి కాల్చడానికి సరిపోతుంది.

అందరం కలిసి కొన్న పెద్ద డేకిసా ఒకటి ఉండేది. దాన్ని ఎవరు ఉంచుకోవాలన్నది తేలలేదు. ఒక శుక్రవారం మామ అందులో సంగటికి ఎసరు పెట్టాడు. నీళ్ళు తెర్లుతుండగా మస్తాను వచ్చి, ఈ వారం డేకిసా తమది అన్నాడు. ఉసేను లేచి వచ్చాడు. మాట మీద మాట పెరిగి, ఇద్దరూ గుడ్డ పేలికలతో చెరో చెవి పట్టుకున్నారు. "రేయ్, ఇడ్చండి రా! ఎసరు కాగుతాండాది, ఇడ్చండి!" అని మామ మధ్యలోకి వచ్చాడు. డేకిసా ఒరిగింది. కాగే నీళ్ళన్నీ ఆయన కుడిచేతి మీద పడ్డాయి. ఆయన చేతిని ఎత్తి పట్టుకుని అట్లాగే కూలబడ్డాడు. అప్పుడు కూడా ఆ ఇద్దరూ అన్న మొదటి మాట ఒకటే, "నువ్వే లాగినావు."

హెల్ముట్ తన కారులో మమ్మల్ని ఆసుపత్రికి తీసుకుపోయాడు. చర్మం ఊడి వచ్చింది. మానడానికి చాలా రోజులు పడుతుందని డాక్టరు చెప్పాడు. టీ పెట్టేవాడు లేకపోతే కంపెనీ ఇంకొకణ్ణి పెట్టుకుంటుంది, మామకు ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపేస్తుంది. అప్పటికి మామకు ఊళ్ళో పొలమూ లేదు, కొడుకూ లేడు. ఆ టీ పని ఒక్కటే ఆధారం. హెల్ముట్ మేనేజరుతో మాట్లాడి ఒక దారి చూపించాడు. మామ చెయ్యి మానేదాకా గదిలోవాళ్ళు ఎవరైనా పొద్దున ఆఫీసుకు వచ్చి టీ పెట్టి పోతే ఆయన ఉద్యోగం నిలబెడతామన్నారు. నాకు సరిగ్గా అదే వేళ కూలీల హాజరు. మిగతావాళ్ళలో చాలామందికి పని మధ్యాహ్నం నుంచి. నేను పరుగున గదికి వచ్చి మస్తానును అడిగాను. అతను బీడీ ఆర్పకుండానే, "మామ పెరడు పేట దిక్కుకు గదా ఉండేది. మీ పేటోళ్ళను అడుగు" అన్నాడు. దుప్పటి ఎత్తి ఉసేనును అడిగాను. "వాకిలి కోట దిక్కుకు అని వాళ్ళే గదా అనిరి. వాళ్ళనే చేయమను" అన్నాడు. మామ వేలాడే ఆ దుప్పటి పక్కనే, కట్టు కట్టిన చేతిని గుండె మీద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. ప్రతి మాటా విన్నాడు. ఆ గదిలో ఊపిరి పీల్చడానికే నాకు రోత పుట్టింది. వీళ్ళు తిన్న ప్రతి ముద్దా ఆ చెయ్యి కలిపిందే.

కొన్ని రోజులు నేనే టీ పెట్టి, హాజరుకు పరుగెత్తాను. రెండు పనులూ చెడ్డాయి. మేనేజరు నన్ను పిలిచి గట్టిగా మందలించాడు. అది మామ చెవిన పడింది. "నా కోసరం నీ నౌకరి గూడా పోగొట్టుకుంటావా? మీ అమ్మకు నేనేం జవాబు చెప్పల్ల?" అని, నాతో చెప్పకుండానే పోయి ఎగ్జిట్ అడిగేశాడు. ఆయన పోయే రోజున గది మొత్తం వాకిట్లోకి వచ్చింది. ఎన్నాళ్ళకో అందరూ ఒకచోట నిలబడ్డారు కదా అని ఒక్క క్షణం సంతోషించాను. వాళ్ళు వచ్చింది సాగనంపడానికి కాదు. ఊరికి పోయేవాడి చేతిలో ఇంటికి సామాన్లు పెట్టడం గల్ఫ్‌లో రివాజు. ఒకడు దుప్పటి మూట తెచ్చాడు, ఒకడు పాలపొడి డబ్బాలు తెచ్చాడు. మస్తాను టేప్‌రికార్డరు అట్టపెట్టె తెచ్చాడు. ఉసేను చీరల కట్ట తెచ్చి, "మా ఇంట్లో భద్రంగా ఇయ్యి మామా, తడవకుండా చూసుకో" అన్నాడు. మామ కాదనలేదు. ఒంటి చేత్తో ఒక్కొక్కటే తీసుకుని టాక్సీలో పెట్టాడు.

ఇదీ మా నియోజకవర్గం చరిత్ర. మిగిలింది కూడా చెప్పేస్తాను. ఆ గీతను తరవాత ఇంకోసారి మార్చారు, కోటా పేటా మళ్ళీ ఒకటయ్యాయి, కొత్త పేరు వచ్చింది. ఇప్పుడు మళ్ళీ మారుస్తారని గుసగుసలు. మేమున్న మట్టి ఇల్లు పోయి అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం వెలిసింది. క్యాసెట్ల చోట వాట్సాప్ గ్రూపులు వచ్చాయి, కోటది ఒకటి, పేటది ఒకటి. ఒకదానికి మస్తాను కొడుకు పెద్ద, రెండోదానికి ఉసేను అల్లుడు. ఫోన్లలో వాళ్ళ మనుషులు ఒకరి తల్లిని ఒకరు తిట్టుకుంటారు. ఆ గ్రూపుల పెద్దలిద్దరు మాత్రం దగ్గర్లోని దమ్మాంలో కలిసి లారీలు తిప్పుతున్నారని మా అబ్బాయి చెప్పాడు. సన్మానం రోజున వేదిక మీద పక్కపక్కనే కూర్చుని జీడిపప్పు నములుతున్నారు. అప్పటి మూర్ఖులకు కనీసం తాము పోట్లాడుతున్నది నిజమన్న నమ్మకమైనా ఉండేది. ఇప్పటివాళ్ళకు అదీ లేదు.

మామ వెళ్ళిపోయాక వచ్చిన ఎన్నికలకు నేను సెలవు మీద ఊళ్ళో ఉన్నాను. ఓటు వేయడానికి తోడు రమ్మని మామ కబురు పెట్టాడు. కుడిచేతి వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, ఆయన భార్య, మా అత్తే, ఆయనకు చొక్కా బొత్తాలు పెట్టింది. ముందు కోట బడికి పోయాం. వాకిట్లో గుడారం కింద మస్తాను వాళ్ళ అన్న పార్టీ ఏజెంటుగా కూర్చుని ఉన్నాడు. "రా మామా, రా, నీ ఓటు మాదే గదా" అని కుర్చీ వేశాడు, మజ్జిగ ఇప్పించాడు. లోపలికి పోతే అధికారి జాబితా చూసి, "మీ ఓటు పొద్దున్నే పడిపోయిందే" అన్నాడు. "నేను ఇప్పుడే గదయ్యా వస్తాండా" అన్నాడు మామ. అధికారి కాగితం తిప్పి సంతకం చూపించాడు. గుండ్రంగా, ముచ్చటగా ఉన్న సంతకం. మామ తన కుడిచేతిని ఎత్తి ఆయన కళ్ళ ముందు పెట్టాడు. అధికారి తల దించుకుని, తరవాతి మనిషిని పిలిచాడు. బయట ఎవరో, పేటలో కూడా నీ పేరు ఉండాది మామా, ఆడ చూసుకో, అన్నారు. వంతెన దాటి ఎండలో పేట బడికి పోయాం. అక్కడా ఆయన పేరు ఉంది, అక్కడా ఓటు పడిపోయింది, ఈసారి వేలిముద్రతో. గుడారంలో కూర్చున్న ఉసేను బావమరిది మమ్మల్ని చూసి లేచి వచ్చి, ఎంతో ప్రేమగా మామ భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంత ఎండలో నువ్వెందుకు వస్తివి మామా, మేము చూసుకుంటిమి గదా" అన్నాడు.

తిరిగి వస్తూ మామ వంతెన మధ్యలో ఆగాడు. రెండు చేతులూ చాచి చూసుకున్నాడు. ఏ వేలికీ సిరా చుక్క లేదు. "ముద్ద కలుపుకునేకి రాని చెయ్యి, రెండు దిక్కులా ఓటేసిందంట రా" అన్నాడు. నేను కాలువలోకి తుపుక్కున ఉమ్మి, ఆ చెయ్యి పట్టుకుని ఆయన్ను ఇంటికి తీసుకుపోయాను.